విదేశభాషాబోధనమున యంత్రసాధనములు

మాతృభాష కాని భాషను నేర్చుటకును నేర్పుటకును గ్రామఫోను రికార్డులు మొదలుకొని నేటి సెల్‌ఫోనుల వరకు మానవుడు వినియోగించిన యంత్రసాధనములను, వానివలన అభ్యాసకునకు నిజముగా చేకూరిన లాభమెంతయో తేల్చుటకై జరిగిన పరిశోధనములను గూర్చి విచారించు శాస్త్రశాఖ యిది. భాషాశాస్త్రము, మనోవిజ్ఞానము, విద్యాశాస్త్రము, కంప్యూటరు శాస్త్రము అను నాలుగింటి పొలిమేరలు కలియుచోట ఇది పెరిగినది. 1980 తరువాత దీనికి కంప్యూటర్ అసిస్టెడ్ లాంగ్వేజ్ లెర్నింగ్ అను పేరును, దాని తొలియక్షరముల కూర్పైన ‘కాల్’ అను పొట్టిపేరును స్థిరపడినవి. అమెరికాలో 1983లో ‘కాలికో’ సంఘమును, పిమ్మట ఐరోపాలో ‘యూరోకాల్’ సంఘమును వెలసి తమతమ పత్రికలను నడపుచున్నవి. 1997లో ఆరంభమైన ‘లాంగ్వేజ్ లెర్నింగ్ అండ్ టెక్నాలజీ’ యను పత్రిక కాగితముపై అచ్చుకాక, మొదటినుండియు ఇంటర్నెట్టులోనే ఉచితముగా వెలువడుచు ఈ శాఖలో అగ్రస్థానము నందినది.

ఈ శాస్త్రచరిత్రను యంత్రముల చరిత్రగా వ్రాయుట పరిపాటి. అట్లు వ్రాయుట సులభమే; కాని అసలు కథ యంత్రముల వెనుక నడచినది. యంత్రమా, ఉపాధ్యాయుడా, ఎవరివలన భాష బాగుగా వచ్చును అను ప్రశ్నతో ఆరంభమైన పరిశోధనములు ఏండ్ల తరబడి లక్షలకొలది ధనమును, వేలకొలది విద్యార్థుల కాలమును వెచ్చించియు తృప్తికరమైన సమాధానము నీయజాలక పోయినవి. యంత్రమునందలి ఏ గుణము అభ్యాసకునిచే ఏ పని చేయించుచున్నది, ఆ పనివలన అతని భాషలో ఏ భాగము మారుచున్నది అని ప్రశ్నను చిన్నది చేసికొని అడిగిన చోట్లనే గట్టి ఫలితములు లభించినవి.

ధ్వనిముద్రణ యుగము

ఎడిసన్ 1877లో ఫోనోగ్రాఫును కనిపెట్టిన కొంతకాలమునకే దానిని భాషాబోధనకు వాడు యత్నములు మొదలైనవి. 1901లో జాక్ రోస్టన్ లండనునందు లింగ్వాఫోను సంస్థను స్థాపించి, ఇంట కూర్చుండి పరభాషను చెవితో నేర్చుకొను పాఠములను దేశదేశములకు పంపెను. విద్యాలయములలో ఈ పని శాస్త్రీయముగా జరిగిన తావులలో ఒహైయో రాష్ట్ర విశ్వవిద్యాలయము ముఖ్యమైనది. అచ్చట రాల్ఫ్ వాల్ట్జ్ 1924 ప్రాంతమున ధ్వనియంత్రములతో ఒక అభ్యాసమందిరమును నెలకొల్పెను. దానికి ఆయన వాడిన ‘భాషాప్రయోగశాల’ యను పేరే లోకమున నిలిచినది.

రెండవ ప్రపంచయుద్ధకాలమున, 1943లో, అమెరికా సైన్యము తన సైనికులకు స్వల్పకాలములో పరభాషలను నేర్పుటకై పెట్టిన శిక్షణమును, మిచిగన్ విశ్వవిద్యాలయమున చార్లెస్ ఫ్రీజ్ రూపొందించిన వాక్యాభ్యాసములును, భాషయనునది అలవాట్ల సముదాయమని చాటిన స్కిన్నరు మనోవిజ్ఞాన సిద్ధాంతమును ఒకచోట కలియగా, వినుట, అనుట, మరల అనుట అను క్రమముపై నిలిచిన శ్రవణ భాషణ పద్ధతి పుట్టినది. ఆ పద్ధతికి అంతకుమించిన అనుకూలమైన పనిముట్టు మరియొకటి లేదనునట్లు, యుద్ధానంతరమున టేపు రికార్డరు బజారులోనికి వచ్చెను.

1957 అక్టోబరు 4వ తేదీన రష్యా స్పుత్నిక్ ఉపగ్రహమును గగనమున విడిచినది. ఆ సంగతికిని ఫ్రెంచి క్రియారూపములకును సంబంధమేమని అడుగవచ్చును. విజ్ఞానరంగమున వెనుకబడితిమను భయముతో అమెరికా ప్రభుత్వము 1958లో జాతీయ రక్షణ విద్యాచట్టమును చేసి, గణితవిజ్ఞానములతోపాటు విదేశభాషలను కూడ దేశరక్షణలో భాగముగా నెంచి, పాఠశాలలకు పరికరములు కొనుటకు ధనమిచ్చెను. కొలది యేండ్లలోనే వేలకొలది భాషాప్రయోగశాలలు లేచినవి. వరుసగా అరలు, అరకొక విద్యార్థి, అతని తలపై హెడ్‌ఫోను, నోటియెదుట మైకు, ఎదుట బల్లవద్ద ఏ అరలోని మాటనైనను రహస్యముగా విని సవరింపగల ఉపాధ్యాయుడు. టేపు ఒక వాక్యము పలుకును, విద్యార్థి దానిని మార్చి పలుకును, టేపు సరియైన రూపము నిచ్చును, విద్యార్థి దానిని మరల పలుకును. ఈ నాలుగడుగుల అభ్యాసము గంటల తరబడి సాగెడిది. దీని సామర్థ్యమును ఎవరైనను పరీక్షించుటకు ముందే ఇది దేశమంతట నెలకొనుట గమనింపదగినది. ఈ శాస్త్రమున ఇట్లు జరుగుట అది మొదటిసారియు కాదు, కడపటిసారియు కాదు.

పెన్సిల్వేనియా పరిశోధనము

పరీక్షలు ఆలస్యముగ వచ్చినవి. న్యూయార్కు నగర పాఠశాలలలో సారా లోర్జ్ జరిపిన పరిశీలనలు ప్రయోగశాలకు అనుకూలముగనే ఉండెను గాని, వానిలోనొక షరతు దాగియుండెను: దినదినము కొలది నిమిషములు అభ్యాసము చేసినవారికి కలిగిన లాభము వారమునకొకసారి మాత్రమే పోయినవారికి కలుగలేదు. 1963లో రేమండ్ కీటింగ్ ప్రకటించిన నివేదిక మాత్రము పిడుగువలె పడినది. న్యూయార్కు పరిసర ప్రాంతములలో వేలకొలది ఫ్రెంచి విద్యార్థులను పరీక్షింపగా, ప్రయోగశాల మొగము చూడనివారే చదువుటయందును వినుటయందును మెరుగుగా నుండిరనియు, మొదటి సంవత్సరపు ఉచ్చారణలో మాత్రమే ప్రయోగశాల విద్యార్థులు ముందుండిరనియు ఆయన తేల్చెను. యంత్రవిక్రేతలును, వానిని కొన్న పాఠశాలాధికారులును ఎంత కలవరపడిరో చెప్పనక్కరలేదు. ప్రయోగశాలలను ఏ పాఠశాల ఎట్లు వాడుకొన్నదో కీటింగ్ విచారింపలేదని విమర్శకులు ఆక్షేపించిరి. వంట చెడినప్పుడు పొయ్యిని నిందించినట్లున్నదని వారి వాదసారము.

ఆ ఆక్షేపణకు చోటీయకుండ పెద్దయెత్తున ప్రయోగము నడపవలెనను సంకల్పముతో ఫిలిప్ స్మిత్ నాయకత్వమున పెన్సిల్వేనియా రాష్ట్రమునందు 1965లో ఆరంభమైన పరిశోధనము, యంత్రసహిత భాషాబోధనపై జరిగినవానిలో అతి విస్తృతమైనదిగా నేటికిని పేర్కొనదగినది. సుమారు నూరు ఫ్రెంచి, జర్మన్ తరగతులలో, రెండువేల విద్యార్థులకు పైగా, మూడు బోధనపద్ధతులను మూడు విధములైన పరికరములతో జోడించి పోల్చిరి. పద్ధతులలో నొకటి వ్యాకరణానువాద ప్రధానమైన పాతపద్ధతి, రెండవది శ్రవణ భాషణ పద్ధతి, మూడవది దానికి వ్యాకరణమును చేర్చిన పద్ధతి. పరికరములన్ననో, తరగతిలోనే ఉంచిన టేపు రికార్డరు, విని పలుకుటకు మాత్రమే వీలైన ప్రయోగశాల, తన కంఠమును ముద్రించుకొని వినగల ప్రయోగశాల. రెండేండ్ల పిదప ఫలితములను చూడగా, పాతపద్ధతివారు ఎందులోను వెనుకబడకపోవుటయేగాక చదువుటలో ముందంజ వేసిరి. పరికరముల విషయమున, వారమునకు రెండుసార్లు వాడిన ఏ ప్రయోగశాలయు తరగతిలోని సామాన్యపు టేపు రికార్డరును మించిన ఫలితమీయలేదు.

1969 అక్టోబరులో ‘మోడరన్ లాంగ్వేజి జర్నల్’ సంచికలో జాన్ కారొల్, జాన్ క్లార్క్, రెబెకా వాలెట్ మున్నగువారు ఈ ఫలితములను ఒక్కొక్కటిగా విప్పి చూపిరి. నియమించిన పద్ధతినే ఉపాధ్యాయులు నిష్ఠగా నడపిరా? పరీక్షలలోని పదములు ఆయా పాఠ్యగ్రంథములలో నుండెనా? ప్రయోగశాలలో గడపిన కాలము ఫలితము చూపుటకు చాలినంత యుండెనా? ఈ ప్రశ్నలన్నియు న్యాయమైనవే. కాని ఇంకొక మాట ఉన్నది. దానిని ఆనాడు స్పష్టముగా పలికినవారు తక్కువ. ‘పద్ధతి’ యనియు ‘ప్రయోగశాల’ యనియు పేరు పెట్టిన ఒక్కొక్క మూటలో నూరు విషయములు ఇమిడియుండగా, మూటను మూటతో తూచినచో ఏ వస్తువు బరువెంతయో తెలియదు. పదునాలుగేండ్ల పిమ్మట, 1983లో, రిచర్డ్ క్లార్క్ అను విద్యాశాస్త్రజ్ఞుడు భాషలనే గాక సకలవిషయముల బోధనను సమీక్షించి, పాఠమును మోసికొనివచ్చు సాధనము ఫలితమును నిర్ణయింపదు, పాఠములోని బోధనక్రమమే నిర్ణయించునని వాదించినప్పుడు పెన్సిల్వేనియా ఫలితములకు ఒక వివరణ లభించినట్లయ్యెను. ఆయన వాదమును రాబర్ట్ కొజ్మా ఖండించెను. ఆ వాదప్రతివాదములు నేటికిని ముగియలేదు.

కంప్యూటరు ప్రవేశము

ఇల్లినాయి విశ్వవిద్యాలయమున డొనాల్డ్ బిట్జర్ 1960లో ఆరంభించిన ప్లేటో వ్యవస్థ, 1972 నాటికి స్పర్శతో పనిచేయు ప్లాస్మా తెరలును, ఎచ్చటనున్న విద్యార్థినైనను మధ్యనున్న పెద్ద కంప్యూటరుతో కలుపు తీగలును గలిగి, రష్యన్, ఫ్రెంచి, చైనా, లాటిన్ భాషల పాఠములను వేలగంటల మేర అందించెను. స్టాన్‌ఫర్డ్‌లో ప్యాట్రిక్ సపీజ్ సాహచర్యముతో జోసెఫ్ వాన్ కాంపెన్ 1967లో రష్యన్ ప్రథమ సంవత్సర పాఠమును దాదాపు పూర్తిగా టెలిటైపు యంత్రముపైననే నడపెను. అక్కడ కంప్యూటరు విభాగపు విద్యార్థులు పరీక్షలలో తక్కువ తప్పులు చేసిరి, చదువు మధ్యలో మానినవారును తక్కువయే. ఆ విజయమునకు కారణము యంత్రము కాదు, ప్రతి విద్యార్థియు ప్రతి ప్రశ్నకు తానే సమాధానము వ్రాయక తప్పని పరిస్థితియని ఈ వ్యాసకర్త అభిప్రాయము. తరగతిలో ముప్పదిమందిలో నొకడు సమాధానము చెప్పుచుండగా తక్కిన ఇరువదితొమ్మండుగురు కిటికీలోనుండి చూచుట మన విద్యాలయములలోను అందరెరిగినదే.

1984లో జాన్ హిగ్గిన్స్, టిమ్ జాన్స్ తమ గ్రంథమున కంప్యూటరును శాసించు గురువుగా గాక ఆజ్ఞకై వేచియుండు సేవకునిగా భావింపవలెనని సూచించిరి. ఆ జాన్సే తరువాత బర్మింగ్‌హామ్‌లో, కోట్లకొలది పదముల నిజమైన వాక్యసంచయములను విద్యార్థులకే అప్పగించి, ఒక పదము చుట్టును ఏయే పదములు చేరుచున్నవో వారే వెదకి నియమమును కనుగొను పద్ధతిని ప్రచారమునకు తెచ్చెను. 2017లో బౌల్టన్, కాబ్ అనువారు ఈ పద్ధతిపై జరిగిన 64 పరిశోధనములను ఒకచోట చేర్చి లెక్కించి, లాభము పెద్దదేయని తేల్చిరి. ఇక ఈ శాఖ చరిత్రను ప్రవర్తనావాద, సంభాషణ, సమన్వయ దశలుగా వార్షోవర్ 1996లో విభజించెను; బాక్స్ 2003లో దానిని తప్పుపట్టి మరియొక మూడు దశలు చెప్పెను. ఈ విభాగములు పరీక్షలకు చదువువారికి ఉపయోగపడుననుటకంటె ఎక్కువ చెప్పవలసినది లేదు. బాక్స్ చెప్పిన ఒక్కమాట మాత్రము విలువైనది: గడియారమువలె, పుస్తకమువలె, యంత్రమును ఎవరును ప్రత్యేకముగా గుర్తింపని దినము వచ్చినప్పుడే అది బోధనలో నిజముగ కలిసిపోయినట్లు.

ప్రశ్న మారిన విధము

1980 దశకమున రెండవభాషార్జన సిద్ధాంతములు బలపడినవి. అర్థము కాని చోట ఇరువురు మాటాడుకొని సరిచూచుకొనుటలో భాష వచ్చునని మైకేల్ లాంగ్, వినుట చాలదు, పలుకుటకు పూనుకొన్నప్పుడే తన లోపము తనకు తెలియునని మెరిల్ స్వెయిన్, గమనింపబడనిది నేర్వబడదని రిచర్డ్ ష్మిట్ సిద్ధాంతీకరించిరి. ఈ మూడింటిని కంప్యూటరు పాఠములకు గీటురాళ్లుగా మార్చి, పాఠములను తీర్చు విధమును 2001లో తన గ్రంథమున వివరించిన కెరొల్ చాపెల్ ఈ శాఖకు సిద్ధాంతబలము నొసగిన విదుషీమణి.

దీని ఫలమును తెరపై వ్రాతసంభాషణ విషయమున చక్కగా చూడవచ్చును. బర్క్‌లీలో రిచర్డ్ కెర్న్ 1995లో ప్రకటించిన పరిశోధనమున, ఒకే విషయమును ఫ్రెంచి విద్యార్థులు ఒకనాడు నోటితోను, ఒకనాడు కంప్యూటర్లపై వ్రాయుచును చర్చించిరి. వ్రాసినప్పుడు వారు పాల్గొనిన మారులు నోటి చర్చలోకంటె రెండింతలు మొదలు మూడున్నర ఇంతల వరకు పెరిగినవి, తరగతిలో నోరు విప్పనివారును వ్రాసిరి, వాక్యములు చిక్కబడినవి. కాని వ్యాకరణశుద్ధియు చర్చ యొక్క పొందికయు కొరవడినవని కెర్న్ దాచక చెప్పెను. 2002లో పెయిన్, విట్నీ మరియొక అడుగు ముందుకు వేసి, వారమునకు నాలుగు గంటల స్పానిషు తరగతిలో రెండు గంటలు వ్రాతసంభాషణకు కేటాయించినవారు, నాలుగు గంటలును నోటితో మాటాడినవారికంటె నోటిభాషలోనే ఎక్కువ వృద్ధి పొందిరని చూపిరి. ఇది వింతగా తోచును. వ్రాయుచున్నప్పుడు తన వాక్యము కనులయెదుట నిలిచియుండుటవలన స్మృతిపై భారము తగ్గి, నోరు మెదపుటకు ముందు మనస్సు చేయవలసిన పని యంతయు నెమ్మదిగా అలవడునని వారి వివరణము.

కన్నులయెదుట కాక చెవిలో నడచు పనికి ఉదాహరణము ఉచ్చారణశిక్షణము. జపానువారికి ఆంగ్లములోని ర, ల ధ్వనుల భేదము వినబడుట దుర్లభము. 1991లో ఇండియానా విశ్వవిద్యాలయమున లోగన్, లైవ్లీ, పిసోనీ అను శాస్త్రజ్ఞులు, ఒకే గొంతుతో కాక అనేకుల గొంతులతో, పదములోని అనేక స్థానములలో ఆ ధ్వనులను వినిపించి, సరియో తప్పో వెంటనే తెలుపుచు సుమారు మూడు వారములు శిక్షణ యిచ్చినచో శ్రోతల గుర్తింపు పెరుగుననియు, కొత్త గొంతులకు కూడ అది వర్తించుననియు నిరూపించిరి. తరువాతి పరిశోధనములలో, నోట పలికించు అభ్యాసమేమియు లేకుండగనే, వినికిడి బాగుపడినవారి ఉచ్చారణ కూడ బాగుపడినట్లు తేలినది. ఒక్క ఉపాధ్యాయుడు ఎంత సమర్థుడైనను తన గొంతును పదిగొంతులుగా చేయజాలడు. యంత్రమునకు మాత్రమే సాధ్యమైన పని ఏదియని అడిగినచో ఇంతకంటె స్పష్టమైన ఉదాహరణము దొరకదు.

నెదర్లాండ్సులోని నైమెఖెన్ నగరమున కాతియా కుకియారీని, హెల్మెర్ స్ట్రిక్, అంబ్రా నేరి రచించిన వ్యవస్థ, వలసవచ్చి డచ్చి నేర్చుకొనువారు పలికిన మాటను స్వయముగ విని, వారికి కఠినమైన కొన్ని ధ్వనులలో దోషము నెత్తిచూపెడిది. అట్టి సవరణలు పొందినవారిలో ఆ ధ్వనుల దోషములు ఎక్కువగా తగ్గినవి. వ్యాకరణ విషయమునను ఇదే పోకడ: జపనీసు వాక్యములలో తప్పు జరిగినదని మాత్రము చెప్పు యంత్రముకంటె, తప్పు ఎందుకు తప్పో వివరించు యంత్రమే మేలని నొరికో నగతా 1990 దశకమున చూపెను.

2014లో ఎవా గొలోంకా మున్నగువారు మూడువందల ఏబదికి పైబడిన పరిశోధనములను జల్లెడపట్టగా, మాటను గుర్తించు యంత్రములతో ఉచ్చారణశిక్షణమునకును, వ్రాతసంభాషణకును మాత్రమే గట్టి ఆధారము లభించినది. తక్కిన పెక్కు సాధనములకు అభ్యాసకుల ఇష్టమే సాక్ష్యము. ఇష్టము వేరు, భాష వచ్చుట వేరు. అంతకు ముందు సంవత్సరము గ్రుగురోవిచ్, చాపెల్, షెల్లీ 1970 నుండి 2006 వరకు జరిగిన 37 తులనాత్మక పరిశోధనములను కలిపి లెక్కింపగా కంప్యూటరు పక్షమున కనిపించిన మొగ్గు చిన్నదే.

సంస్కృతి, స్మృతి

భాష వచ్చియు భాషించువారి మనస్సు తెలియనివారికై ఎం.ఐ.టి.లో జిల్‌బేర్త్ ఫుర్‌స్టెన్‌బెర్గ్ సహచరులతో 1997లో ‘కుల్చురా’ అను ప్రణాళికను ఆరంభించెను. అమెరికా, ఫ్రాన్సు విద్యార్థులు ఒకే పదమును చూచి తమకు స్ఫురించిన మాటలను ఎవరి భాషలో వారు వ్రాసి, రెండు పట్టికలను పక్కపక్కన పెట్టి చర్చింతురు. వ్యక్తివాదమను మాటకు అమెరికా విద్యార్థులకు స్వేచ్ఛయు, ఫ్రెంచివారికి స్వార్థమును స్ఫురించుట వారి చర్చలకు చక్కని దారి చూపినది. ఇట్టి దూరసంభాషణలన్నియు సఫలములు కాలేదు. అపార్థములతో, అలకలతో ముగిసిన వానిని గూర్చియు రాబర్ట్ ఓడౌడ్ మున్నగువారు నిజాయితీగా వ్రాసిరి.

స్మృతి విషయమున పునాది పాతది. ఎబ్బింగ్‌హౌస్ 1885లో మరపునకు లెక్క కట్టెను. పాల్ పిమ్స్‌లర్ 1967లో, క్రొత్తపదమును అయిదు సెకండ్లు, ఇరువదియైదు సెకండ్లు, రెండు నిమిషములు, పది నిమిషములు, గంట, అయిదు గంటలు, దినము ఇట్లు పెరుగుచుపోవు ఎడములతో జ్ఞప్తికి తెప్పింపవలెనని ప్రతిపాదించెను. 1980 దశకమున సూపర్‌మెమో అను ప్రోగ్రాము ఇట్టి యెడములను కంప్యూటరుచే లెక్కవేయించెను. 2006లో వచ్చిన అంకీయు, 2012లో జనసామాన్యమునకు అందిన డ్యుయోలింగోయు ఆ త్రోవనే నడచినవి. డ్యుయోలింగోతో తుర్కీ భాష నేర్చిన తొమ్మండుగురిపై లోయెన్ మున్నగువారు 2019లో ప్రకటించిన పరిశోధనమున, వెచ్చించిన కాలమునకును నేర్చిన భాషకును ఓమాదిరి సంబంధము కనబడెను. మాటాడవలసిన అవసరమెచ్చటను కలుగని పాఠములతో మాటాడు శక్తి వచ్చునా యను ప్రశ్న మాత్రము అందులోనే మిగిలియున్నది.

మనదేశమున

హైదరాబాదులో 1958లో స్థాపితమైన కేంద్రీయ ఆంగ్లభాషాసంస్థ 1972లో విదేశభాషలను చేర్చుకొని విస్తరించి, 2007లో ఆంగ్లవిదేశభాషా విశ్వవిద్యాలయమైనది. ఉపాధ్యాయశిక్షణముతోపాటు ధ్వనిముద్రణ, దృశ్యపాఠములను దేశమున వ్యాపింపజేసినవానిలో అది ముఖ్యమైనది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో ఇంజనీరింగు కళాశాలల ప్రథమ సంవత్సరమున ఆంగ్లభాషా ప్రయోగశాల నిర్బంధపాఠ్యాంశమైనది. హెడ్‌ఫోనులును, కంప్యూటర్లును, అచ్చటి ఉచ్చారణపాఠములును వచ్చినవి. లోర్జ్ షరతు మాత్రము ఆ కాలపట్టికలలో అరుదుగా కనబడును: వారమునకొకటి రెండు పర్యాయములు జరుగు అభ్యాసమును దినదినాభ్యాసమునకు బదులుగా భావించుట ఇక్కడను మామూలైనది.

2022 నవంబరులో చాట్‌జీపీటీ వెలువడిన పిదప అడిగిన భాషలో విసుగులేక మాటాడు యంత్రము ప్రతివారి చేతికి వచ్చినది. నలుబది యేండ్లుగా వాక్యవిశ్లేషకులు చేయజూచిన దోషవివరణ అలవోకగా లభించుచున్నది. విద్యార్థి వ్రాయవలసిన వాక్యమును కూడ అంతే అలవోకగా అది వ్రాసి యిచ్చుచున్నది. స్వెయిన్ చెప్పిన శ్రమయే తొలగిపోయినచో ఫలితమేమగునో దీర్ఘకాలము పరిశీలించి చెప్పవలసిన పరిశోధనములు ఇప్పుడే మొలకెత్తుచున్నవి. అందులోను అధికభాగము ఆంగ్లము నేర్చు విశ్వవిద్యాలయ విద్యార్థులను గూర్చినవే. తెలుగును పరభాషగా నేర్చువారు, అనగా అమెరికాలో పెరుగుచున్న తెలుగు పిల్లలును, హైదరాబాదులో స్థిరపడిన ఇతర భాషలవారును, ఈ లెక్కలలో కనబడరు. హైదరాబాదులోని ట్రిపుల్ ఐటీ తెలుగు మాటలను విరివిగా సేకరించినది. మద్రాసు ఐఐటీ పరిశోధకులును సేకరించుచున్నారు. అవి ముఖ్యముగా తెలుగు సహజముగా వచ్చినవారి గొంతులు. త, ట లకును, ల, ళ లకును భేదమును తడబడుచు పలుకు అభ్యాసకుని గొంతును విని దోషమును పట్టుటకు, అట్టి తడబాటు మాటలనే వేరుగా కూర్చి గుర్తులు పెట్టిన సంచయము కావలెను.